జిరాఫీ మెడ కింద గీత

ముక్కల మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరేమిటో కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. రెండు చొక్కాలకి గుడ్డ ఇస్తే రెండూ కుట్టి, మిగిలిన ముక్కలు కలిపి ఇంకో పిల్లచొక్కా తీసి, "ఇదిగో, ఇదీ మీదే" అని చేతిలో పెట్టేవాడు. మిగతా దర్జీలు ఆ ముక్కలతో తమ ఇంటి దిండ్లకి గలీబులు కుట్టుకుంటుంటే ఈయన దారం పోగు కూడా దాచుకునేవాడు కాదు. మేస్త్రి చెయ్యి శుభ్రం అని నలుగురూ అనేవాళ్ళు. ఆ మాట విన్న రోజు ఆయన ఒక ముద్ద ఎక్కువ తినేవాడు.

ఆయన కుట్టులో లోటు ఒక్కటే. మడతలో గుడ్డ వదిలేవాడు కాదు. పిల్ల ఎదిగాక గౌను అంచు విప్పి పొడుగు చేద్దామంటే అందులో ఏమీ ఉండేది కాదు. ఎవరైనా అడిగితే జవాబు సిద్ధం. "అమ్మా, మడత విప్పితే పాత గీత బయటపడుతుంది. ఎంత ఇస్త్రీ చేసినా ఆ గీత పోదు. చూసినవాళ్ళందరికీ మన కథ చెప్పేస్తుంది. అంతకన్నా కొత్తది కుట్టించుకోవడం నయం."

"ఆ కొత్తదీ నువ్వే కుడతావుగా మేస్త్రీ!" అని వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు.

ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ పక్కన మిషను, గోడవార కోతబల్ల. బల్ల కింద చాప మీద కూర్చుని ఆయన భార్య కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. ఆయన పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడేవాడు కాబట్టి ఆయన మాటల్లో సగం ఆవిడకే అర్థమయ్యేవి. వచ్చినవాళ్ళకి ఆవిడ విడమర్చి చెప్పేది. ఏళ్ళు గడిచేసరికి ఆయన చెప్పనివి కూడా ఆవిడే చెప్పేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు నెల తక్కువ పిల్ల. నర్సు తెచ్చి చేతుల్లో పెడితే, మేస్త్రి అలవాటుకొద్దీ బొటనవేలూ చిటికెనవేలూ చాచి కొలిచి, "ఏమే, ఇది జానెడే ఉంది!" అన్నాడట. కొలత తప్పే అయినా ఆ పేరు నిలిచిపోయింది. బడికి వెళ్ళినా, పళ్ళూడి పళ్ళొచ్చినా, ఇంట్లో అది జానెడే. జానెడుకి తండ్రి మెడలోని టేపు ఆటవస్తువు. పొద్దున్న లేచి ఆయన ముందుకొచ్చి నిటారుగా నిలబడేది. "నాన్నా, కొలువు. రాత్రి పెరిగానేమో చూడు." ఆయన చేస్తున్న పని ఆపి కొలిచేవాడు. "పెరిగావు, దారం మందం" అనేవాడు. కొట్లో గిరాకీ ఉన్నా సరే, ఆ కొలత కాకుండా మిషను తొక్కేవాడు కాదు.

పిల్లకి పదేళ్ళు వచ్చిన ఏడాది, ఊరికి చాలా దూరంగా పెద్ద వినోదాల పార్కు ఒకటి తెరిచారు. బళ్ళో సగం మంది వెళ్ళొచ్చారు. అందులో కొండచిలువ అని ఒక రైలుంది. పట్టాలు మెలికలు తిరిగి ఆకాశంలోకి పోతాయి, పైకి వెళ్ళాక ఒక్క క్షణం ఆగుతుంది, అక్కడినుంచి సముద్రం కనిపిస్తుంది, తర్వాత ప్రాణం జారిపోయేట్టు కిందికి పడేస్తుంది. ఇదంతా జానెడు చూసినట్టే చెప్పేది. బళ్ళో పక్కన కూర్చునే పిల్ల, "మీ నాన్న గుడ్డ ముక్కలతో కొండచిలువ కుట్టిపెడతాడులే, దాని మీద ఎక్కు" అందట. జానెడు ఏడవలేదు. వేసవి సెలవుల్లో నేనూ వెళ్తున్నానని అక్కడే పందెం వేసి వచ్చింది.

"మాట ఇచ్చేశాను నాన్నా. నువ్వు తీసుకెళ్ళాలి. ఇంకేం వద్దు, కొండచిలువ ఒక్కటి ఎక్కించు చాలు."

"ఎక్కిస్తా" అన్నాడు మేస్త్రి. బడి యూనిఫారాల కుట్టుబడి చేతికొచ్చాక వెళ్దామన్నాడు. అన్నమాట ప్రకారం దానికోసం డబ్బు వేరుగా తీసి పెట్టాడు కూడా. ఆ సంగతి ఆవిడకి బాగా గుర్తు. డబ్బు లేక జరిగింది కాదు అదంతా.

ఆవిడ తమ్ముడు రొట్టెల వ్యాను నడిపేవాడు. ఎక్కడ ఏది చవకో అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. సాయంత్రం వచ్చి కోతబల్ల మీద కాళ్ళూపుతూ కూర్చుని సలహాలు మొదలెట్టాడు.

"బావా, ఆదివారం వెళ్ళావంటే గాలికి కూడా డబ్బు తీసుకుంటారు. మామూలు రోజున వెళ్ళు. తిండి లోపలికి తీసుకెళ్ళనివ్వరు, గేటు బయటే కడుపునిండా తినేసి వెళ్ళండి. ఇంకోటి, ఆ పసుపు సబ్బు లేదూ, దాని అట్టలు ఇస్తే ఒక టికెట్టు మీద తగ్గింపు ఉంది."

"ఆ సబ్బా! దాంతో స్నానం చేస్తే ఇల్లు ఆసుపత్రిలా ఉంటుందిరా" అంది అక్క.

"పార్కు చూసొచ్చేదాకా రోగిష్టివాళ్ళలా ఉండండక్కా, పోయేదేముంది? అన్నట్టు బావా, అసలుది మరిచా. గేటు దగ్గర జిరాఫీ బొమ్మ ఉంటుంది. దాని మెడ కింద ఎర్ర గీత. పిల్ల తల ఆ గీత దాటకపోతే అర టికెట్టే."

మేస్త్రి జానెడు వైపు చూశాడు. టేపు అక్కర్లేదు, ఆయన కంటికే తెలిసిపోయింది. "గీత ఎంత ఎత్తులో ఉంటుంది?"

వ్యాను తమ్ముడు లేచి తన గుండె మీద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. పిల్ల తల దానికి కాస్త పైకి వచ్చింది.

"కాస్తేగా. మడిచేస్తే పోలా?" అన్నాడు తమ్ముడు, నవ్వులాటకే.

"మడతపెట్టడం నా పనేగా" అన్నాడు మేస్త్రి. ఆయన నవ్వులాటకి అనలేదు.

ఆ గౌను కుట్టడంలో ఆయన చూపించిన పనితనం ఇంకే బట్టలోనూ చూపించలేదు. నీలం ముక్కలూ తెల్ల ముక్కలూ కలిపాడు. నడుము పట్టీ కిందికి దించాడు, కింద కుచ్చిళ్ళు దట్టంగా పోశాడు, అంచు పాదాలు కప్పేలా వదిలాడు. లోపల మోకాళ్ళు వంచినా బయటికి ఏమీ తెలియదు. తలుపు చట్రం మీద కత్తెర మొనతో గీత గీసి పిల్లని దాని పక్కన నిలబెట్టాడు.

"ఇప్పుడు మోకాళ్ళు వంచు. అంత కాదు, బాతులా ఉన్నావు. భుజాలు వదులు. ఆఁ! చాలు. ఇప్పుడు నా వైపు చూసి నవ్వు. నవ్వేవాళ్ళని ఎవరూ అనుమానించరు."

"ఏవండీ, పిల్లకి ఇదేం నేర్పడం?" అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"నేర్పడానికేముందే, ఆట!"

పిల్లకీ ఆటే. రోజూ బడినుంచి రాగానే పుస్తకాల సంచి పడేసి తలుపు దగ్గరికి పోయేది. "అమ్మా, చూడు, పొట్టి! అమ్మా, చూడు, పొడుగు!" అని లేస్తూ కూర్చుంటూ ఇల్లంతా నవ్వులు. ఆవిడ కూడా నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది అని తర్వాత చాలాసార్లు అనుకుంది గానీ, ఆ రోజు నవ్వింది.

వెళ్ళే రోజున డబ్బంతా మేస్త్రి చొక్కా లోపలి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చింది ఆవిడే. తెల్లవారే బస్సు పట్టుకుని, రెండు బస్సులు మారి, గేటు బయట చెట్టునీడ కూడా లేని ఎండలో ముగ్గురూ కూర్చుని తెచ్చుకున్నదంతా తిన్నారు. "ఇంకో ముద్ద తిను, లోపల నీళ్ళు కూడా కొనాలి" అని మేస్త్రి పిల్లకి కుక్కి కుక్కి పెట్టాడు. సబ్బు అట్టలు చెల్లాయి. జిరాఫీ నవ్వుతూ నిలబడి ఉంది. పిల్ల వెళ్ళి దాని పక్కన నిలబడి, భుజాలు వదిలి, నవ్వింది. గేటు మనిషి సరిగా చూడను కూడా లేదు. పెద్దవాళ్ళ మణికట్లకి ఎర్ర పట్టీలు కట్టి, పిల్లకి ఆకుపచ్చ పట్టీ కట్టాడు. లోపలికి రాగానే తండ్రీకూతుళ్ళు ఒకళ్ళ భుజం ఒకళ్ళు గిల్లుకున్నారు. ఆ ఇద్దరూ అంత దగ్గరగా నడవడం ఆవిడ చూసింది అదే ఆఖరు.

కొండచిలువ దగ్గర పెద్ద వరస ఉంది. జానెడు గౌను అంచు రెండు చేతులా ఎత్తిపట్టుకుని పరిగెత్తింది. చివరికి వాళ్ళ వంతు వచ్చింది. ఎర్ర టోపీ కుర్రాడు పిల్ల చెయ్యి చూసి అడ్డంగా తల ఊపాడు.

"ఆకుపచ్చ పట్టీవాళ్ళకి ఇది లేదు పాపా. చిన్నపిల్లలు జారిపోతారు. అటుపక్క బాతు పడవలున్నాయి, వెళ్ళు."

ఈ సంగతి వ్యాను తమ్ముడికి తెలియదు, అతను గేటు దాకానే వెళ్ళినవాడు. గేటు బయట పొట్టితనం లాభమైతే లోపల పొడుగుతనం కావాలని, ఇక్కడ కూడా ఒక జిరాఫీ ఉంటుందని, ఎవరూ అనుకోలేదు. ఉంది. అదే ఎత్తున, అదే గీతతో.

పిల్ల ముందు తేరుకుంది. జిరాఫీ పక్కకి పోయి మోకాళ్ళు చాపి నిటారుగా నిలబడింది. "నేను చిన్నదాన్ని కాదండీ. చూడండి, దాటాను!"

వరసలో నవ్వులు లేచాయి.

"ఇదేంటయ్యా, పిల్ల నిలుచున్నచోటే పెరిగిపోయింది!"

"నీళ్ళలో ఏదో కలుపుతున్నట్టున్నారు."

"గేటు దగ్గర అర టికెట్టు, ఇక్కడ నిండు సీటు! బాగుందే వరస!"

ఎర్ర టోపీ కుర్రాడు వాళ్ళ పైఅధికారిని పిలిచాడు. నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడింది. "ఏం పర్లేదండీ, రోజూ ఎవరో ఒకరు ఇలా వస్తూనే ఉంటారు. మిగతా సగం కట్టేసి పట్టీ మార్పించుకు రండి. పాపని నేనిక్కడే ముందు నిలబెడతాను."

అంతే. ఇంకేం అడగలేదు. జరిమానా అనలేదు, కోప్పడలేదు. ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే మొగుడి జేబు పిన్నీసు వైపు కదిలింది. మేస్త్రి చెయ్యి కూడా లేచింది. అప్పుడే వరసలోంచి ఒక గొంతు వినిపించింది.

"మేస్త్రి గారూ! మీరా?"

పక్కవీధి లెక్కల మాస్టారు, పిల్లలతో వచ్చాడు. మేస్త్రి చెయ్యి శుభ్రం అని అందరికంటే ఎక్కువగా చెప్పే మనిషి. ఆయన ముఖంలో ఎత్తిపొడుపు లేదు, ఏమైందో అర్థంకాని చూపు మాత్రమే ఉంది. ఎత్తిపొడిచినా బాగుండేది.

మేస్త్రి చెయ్యి దించేశాడు.

"నేను మోసం చేసేవాణ్ణి కాదమ్మా" అన్నాడు ఆ అధికారితో, గొంతు మాస్టారికి వినపడేలా. "అది మునివేళ్ళ మీద నిలబడింది. ఎక్కాలన్న ఆశకొద్దీ అబద్ధం ఆడుతోంది. కావాలంటే వారిని అడగండి, నేనెలాంటివాణ్ణో."

"అవునండీ, మేస్త్రి అబద్ధం ఆడడు" అన్నాడు మాస్టారు తేలికపడి. "పిల్లలు కదా, అలాగే చేస్తారు."

ఆ అధికారి వంగి పిల్ల ముఖంలోకి చూసింది. "నిజమేనా పాపా? మునివేళ్ళ మీద నిలబడ్డావా?"

జానెడు తండ్రి వైపు చూసింది. ఆయన కొండచిలువ పట్టాల వైపు చూస్తున్నాడు. తల్లి వైపు చూసింది. తల్లి చేతిలోని ఖాళీ తిండి సంచి మడతపెట్టడం మొదలెట్టింది. అప్పుడు గౌను కుచ్చిళ్ళు కొద్దిగా కదిలాయి. పిల్ల తల మెల్లగా కిందికి దిగి, గీత దగ్గరికొచ్చి, గీత దాటి ఇంకా దిగింది.

"అవునండీ" అంది. "అబద్ధం ఆడాను."

భుజాలు వదిలింది. తండ్రి నేర్పినట్టే అన్నీ చేసింది, నవ్వడం ఒక్కటి తప్ప.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ తర్వాత మేస్త్రి పిల్లని బాతు పడవ ఎక్కించాడు, గుర్రాల చక్రం ఎక్కించాడు, కొనకూడదనుకున్న ఐస్‌క్రీం కొన్నాడు. పిల్ల ఎక్కమన్నవన్నీ ఎక్కింది. ఐస్‌క్రీం మణికట్టు మీదుగా ఆకుపచ్చ పట్టీ మీదికి కారింది. టికెట్టు గిట్టుబాటు కావాలని పార్కు మూసేదాకా అక్కడే ఉన్నారు. దాంతో ఆఖరి బస్సు పోయింది. కారు మాట్లాడుకుని ఇల్లు చేరేసరికి, అర టికెట్టు మీదా సబ్బు అట్టల మీదా మిగిలినదంతా పోయి, ఇంకా ఎదురు డబ్బు పెట్టాల్సొచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారు బావా అని వ్యాను తమ్ముడు నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆగిపోయాడు.

మర్నాడు పొద్దున్న మేస్త్రి మిషను ముందు కూర్చుని పని మొదలెట్టకుండా ఎదురుచూశాడు. పిల్ల లేచింది, మొహం కడుక్కుంది, టేపు ముందుకి రాలేదు.

"ఏమే జానెడూ, పెరిగావో లేదో చూసుకోవా?"

"వద్దండీ. మీరు పని చేసుకోండి" అంది.

ఆ రోజు నుంచి తండ్రిని 'మీరు' అనే పిలిచింది. అలకేమో, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుందనుకుంది తల్లి. సర్దుకోలేదు. కొట్టుకొచ్చినవాళ్ళు, "ఎంత మర్యాదగా పెంచారండీ, సొంత తండ్రిని మీరు అంటుంది!" అని మెచ్చుకునేవాళ్ళు. మేస్త్రి గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని తల ఊపేవాడు.

బడికి కొత్త యూనిఫారం కావాల్సొచ్చినప్పుడు జానెడు పాత గౌను తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఆదికి ఇది తీసుకోండి." కొలతకి నిలబడే తీరిక లేనివాళ్ళు అలా పాత బట్ట ఆదికి ఇచ్చి పోతారు. అది పరాయివాళ్ళు చేసే పని. ఎదిగే పిల్లకి పోయినేటి గౌను ఆదికి ఎలా పనికొస్తుంది? మేస్త్రి కంటి కొలతతో రెండంగుళాలు పెంచి కుట్టేవాడు. ఒక్కోసారి సరిపోయేది, ఒక్కోసారి చేతులు పొట్టయ్యేవి. ఎలా ఉన్నా పిల్ల "బాగుందండీ" అనే అనేది. తిట్టినా, విసిరికొట్టినా ఆయన బతికేవాడు. ఒకసారి ఆవిడతో అన్నాడు, "దానికి నామీద కోపం లేదే. కోపముంటే తీర్చొచ్చు."

"వెళ్ళి ఒక్కమాట అనరాదూ? తప్పయిందని."

"తండ్రిని. నేనెట్లా అంటానే?"

ఆవిడ ఇంకోమాట కూడా అనాల్సింది. తనూ ఆ రోజు సంచి మడతపెట్టింది కదా. అనలేదు. కాజా కుట్టుకుంది.

జానెడు చదువుకుంది, పొడుగ్గా ఎదిగింది, తండ్రిని మించి. తపాలా ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుని రెండు వీధుల అవతల గది తీసుకుంది. ప్రతి ఆదివారం వచ్చేది. మందులు, కూరగాయలు, కరెంటు బిల్లు, ఏదీ మరిచేది కాదు. తయారుబట్టల దుకాణాలు వచ్చాక మేస్త్రి కొట్టుకి గిరాకీ పోయింది. చేతులకి వణుకొచ్చింది. అయినా రోజూ మిషను తుడిచి, నూనె వేసి, కూర్చునేవాడు. ఎదురింటి మనవరాలు టేపు పట్టుకుని ఆడబోతే, "పెట్టెయ్యమ్మా, అది ఆటవస్తువు కాదు" అనేవాడు.

ఒక ఏడు చలికాలం ముందు జానెడుకి చలి ఊరికి బదిలీ అయింది. పొడుగు కోటు కావాలి. కొనుక్కుంటానంది. తల్లి గడపలో అడ్డం నిలబడింది.

"ఆయన్ని కుట్టనివ్వవే. ఇంకెన్నాళ్ళు కుడతారు? ఆదికి ఇవ్వడానికి నీ దగ్గర పాత కోటు కూడా లేదు. ఒక్కసారి నిలబడు. నాకోసం."

జానెడు సంచి కింద పెట్టి, ముందుగదిలోకి వెళ్ళి తండ్రి ఎదురుగా నిలబడింది.

మేస్త్రి టేపు మెడలోంచి తీశాడు. భుజాలు కొలిచాడు, చేతులు కొలిచాడు. అంకె పైకి అంటుంటే భార్య సుద్దతో బల్ల మీద రాసుకుంది. తర్వాత భుజం దగ్గర టేపు అంచు కూతురి చేతికిచ్చి, తను నేల మీద కూర్చున్నాడు. మడమ దాకా కొలవడానికి టేపు కిందికి లాగుతూ, అలవాటుగా మోకాలి మీదుగా చెయ్యి జార్చాడు. చెయ్యి ఆగింది.

కూతురు మోకాళ్ళు వంచి నిలబడి ఉంది.

మేస్త్రి పైకి చూశాడు. ఆమె ఎదుటి గోడని చూస్తోంది. భుజాలు వదిలి ఉన్నాయి.

"మోకాళ్ళు చాపమ్మా" అన్నాడు. "ఇక్కడ టికెట్టు లేదు."

"సరిగ్గానే నిలబడ్డానండీ" అంది జానెడు. "మీరు నేర్పినట్టే."

ఆయన నోరు తెరిచాడు. ఇప్పుడంటారు అనుకుంది ఆవిడ, ఇన్నేళ్ళకి. ఆయన టేపు మడమ దాకా లాగి, కనిపించిన అంకె చదివాడు. ఆవిడ రాసుకుంది.

కోటు కుట్టడానికి చాలా రోజులు పట్టింది. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. కాజాలు కూడా తనే కుట్టుకున్నాడు, వంకరగా. ఆదివారం జానెడు వచ్చి తొడుక్కుంది. భుజాలు కుదిరాయి. అంచు మాత్రం ఉండాల్సిన చోటుకి బాగా పైనే ఆగింది. అద్దంలో చూసుకుని, "సరిపోయిందండీ" అంది. సంచి తెరిచింది. "కుట్టుకూలి ఎంత?"

మేస్త్రి ఎంతయిందో చెప్పాడు. ఊళ్ళోవాళ్ళకి చెప్పేదే. ఆమె ఇచ్చింది, ఆయన కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

చలి తగ్గకముందే ఆయన పోయాడు. కూతురు వచ్చింది, జరగాల్సినవన్నీ జరిపించింది, ఎవరికీ లోటు రానివ్వలేదు. ఎంత మర్యాదగల పిల్ల అన్నారు అందరూ.

అంతా అయ్యాక ఒక మధ్యాహ్నం ఆవిడ కొంకికి తగిలించి ఉన్న కూతురి కోటు దులపడానికి తీసింది. అంచు పట్టుకోగానే చేతికి బరువు తెలిసింది. జీవితమంతా ఆయన కుట్టిన అంచులు పట్టుకున్న చెయ్యి అది. తిరగేసి చూసింది. లోపల వెడల్పాటి మడత. కుట్టు కూడా గట్టిది కాదు, ఒక కొస లాగితే మొత్తం వచ్చేసే పచ్చికుట్టు. ఎవరికీ అంగుళం గుడ్డ వదలని మనిషి అక్కడ జానెడు గుడ్డ వదిలాడు.

"ఇలా రావే" అని పిలిచింది. "చూడు. నీ అసలు పొడుగు ఆయనకి తెలుసు. విప్పుకోడానికి వదిలారు. కత్తెర తే, నేను విప్పుతాను."

జానెడు వచ్చి పక్కన కూర్చుంది. మడత మీద బొటనవేలూ చిటికెనవేలూ చాచి కొలిచింది. తండ్రి చెయ్యిలాగే ఉంది ఆ చెయ్యి. చాలాసేపు అలాగే పెట్టి ఉంచింది. కొసదారం వేలికి తగిలింది. లాగలేదు.

"వద్దమ్మా" అంది. "ఇప్పటికే చాలా రోజులు వాడేశాను. మడత విప్పితే గీత కనపడుతుంది. ఎంత ఇస్త్రీ చేసినా పోదు. ఆయనే చెప్పేవారుగా."

లేచి కోటు తొడుక్కుంది. బస్సు వేళయింది. గడప దాటేటప్పుడు తలుపు చట్రం మీది పాత గీత ఆమె గుండె దగ్గరికి వచ్చింది. ఆవిడ కిటికీలోంచి చూస్తూ నిలబడింది. కూతురు వీధి మలుపు దాకా నిటారుగా నడిచి వెళ్ళింది. పొట్టి కోటు కింద కాళ్ళు చలికి బయటే ఉన్నాయి.